చైన్‌మన్ బాలమల్లు చల్లగా ఉండాలి

క్రైం కామిక్స్ చదివితే మనుషులు చెడిపోతారంటారు. శుద్ధ అబద్ధం! నా కళ్లముందే ఒక క్రైం కామిక్ చదివి ఒక సర్కారు ఆఫీసు బాగుపడింది. పూర్తిగా కాదు లెండి, ఒక మూడు వారాలపాటు. అయినా మూడు వారాలంటే తక్కువా? గోడల నిండా సూక్తులు రాయించినా, వ్యక్తిత్వ వికాసం క్లాసులు పెట్టించినా రాని మార్పు పదహారు పేజీల రక్తం, వాన, బీడీ పొగలతో వచ్చింది. కాబట్టి ఇంట్లో పిల్లలున్నవాళ్లూ, ఆఫీసుల్లో పై అధికారులున్నవాళ్లూ ఆలస్యం చేయకుండా తలా ఒక కామిక్ కొనిపెట్టండి.

ఈ మాట చెప్తున్నది అల్లాటప్పా మనిషి కాదు. ముప్పైరెండేళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరై, శంషాబాద్‌లో స్థిరపడి, ప్రబంధ నాయికల విరహం మీద నాలుగు వందల పేజీల గ్రంథం రాసినవాణ్ణి. ఆ గ్రంథం ఇప్పటికీ దొరుకుతుంది. కాపీలన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. అంతటి విమర్శకుడు పనిగట్టుకుని ఒక క్రైం కామిక్‌ను సంచిక సంచికకూ సమీక్షిస్తున్నాడంటే అందులో ఎంత సరుకుండాలి? మీరే ఆలోచించండి!

కామిక్ పేరు 'గుంటకో శవం'. భయపడకండి. మా దిక్కు భూమిని ఎకరాల్లో, గుంటల్లో కొలుస్తారు. ఎకరానికి నలభై గుంటలు. ఎకరానికెన్ని శవాలో మీరే చూసుకోండి. కథ, బొమ్మలు రెండూ మనీషా అనే అమ్మాయివి. విమానాశ్రయంలో కార్గో సెక్షన్‌లో లేబుళ్లు సరిచూసే ఉద్యోగం. షిఫ్టు బస్సులో పోతూ వస్తూ బొమ్మలు గీస్తుంది. అందుకే గీతలు కాస్త వణుకుతాయి. సిటీలో ఉన్నవాళ్లు దాన్ని శైలి అంటున్నారు. మాకు ఆ రోడ్డు సంగతి తెలుసు.

హీరో చైన్‌మన్ బాలమల్లు. చైన్‌మన్ అంటే సర్వేయరు వెంట వచ్చి పొలంలో గొలుసు లాగి కొలిచే చిరుద్యోగి. బాలమల్లు లంచం తీసుకోనన్నాడని సస్పెండ్ చేశారు. భుజాన ఇనుప గొలుసు, నోట్లో బీడీ, మూడు రోజుల గడ్డం. ఇల్లు లేదు, ఒక రైతు పొలంలో బోరు మోటరు గదిలో ఉంటాడు. ప్రతి సంచికలో ఎవరో ఒకరు హత్యకు గురవుతారు. పోలీసులు శవాన్ని కొలుస్తుంటే ఆయన వచ్చి భూమిని కొలుస్తాడు. కొలత తేలగానే హంతకుడు తేలిపోతాడు! "గొలుసు అబద్ధం చెప్పదు" అనేది ఆయన ఊతపదం. ఇంత గొప్ప డిటెక్టివ్ సూత్రం ఏ దేశపు పోలీసు ట్రైనింగ్‌లోనైనా ఉందా?

ఇక మొదటి సంచిక. ఇది నా చేతికి పాలకూరతోపాటు వచ్చింది.

మా ఇంటికి వారానికి మూడు రోజులు ఆకుకూరలు తెచ్చే సత్తెమ్మ ఈ మనీషాకు పెద్దమ్మ. మహేశ్వరం దిక్కు ఒక పల్లెలో సత్తెమ్మకు ఇరవై గుంటల భూమి, అందులో ఒక బోరు ఉన్నాయి. పాలకూర, తోటకూర, కొత్తిమీర అన్నీ అక్కడే పండిస్తుంది. అమ్ముడుపోని కామిక్ కాపీలు చెల్లెలి కూతురు పెద్దమ్మకిస్తే, పెద్దమ్మ వాటిని విప్పి కూర చుట్టడానికి వాడింది. ఆ విధంగా సోమవారం కొత్తిమీరతో పదకొండో పేజీ, బుధవారం పాలకూరతో ఆఖరి పేజీ, శనివారం మెంతికూరతో మూడో పేజీ అందాయి. హత్య జరగకముందే హంతకుడు ఒప్పుకున్నాడు. శవం లేచి ఇరానీ చాయ్ తాగింది. కాలాన్ని ఇంత ధైర్యంగా తలకిందులు చేసిన కథనం మన భాషలో ఇంతకుముందు రాలేదని ఒక సభలో మైకు పట్టుకుని చెప్పాను కూడా. పేజీలన్నీ చేరాక మా ఆవిడ శోభ వాటిని వరుసలో పెట్టి చేతికిచ్చింది. అయినా నా అభిప్రాయం మార్చుకోలేదు. విమర్శకుడు అలాంటి చెడు అలవాట్లు చేసుకోకూడదు.

ఒక లోపం మాత్రం చెప్పక తప్పదు. అది వాన. పదహారు పేజీల్లో పద్నాలుగు పేజీలు వానే! బాలమల్లు వానలో నడుస్తాడు, వానలో కొలుస్తాడు, వానలో బీడీ ముట్టిస్తాడు, అది అంటుకుంటుంది! మహేశ్వరం దిక్కు అంత వాన పడితే బోర్లెందుకు ఎండుతాయి? ఆకుకూరల గంపతో పాటు ఒకరోజు మనీషా కూడా మా ఇంటికి వస్తే అడిగేశాను.

"వాన లేకుంటే క్రైం ఎట్లయితది సార్? ఎండల శవం పడితే అది వడదెబ్బ అయితది," అంది.

మొదటి సంచికకు అయిదుకు మూడు నక్షత్రాలు, పాలకూరకు నాలుగు.

రెండో సంచికలో సాక్షి హంతకుడి పేరు చెప్పబోతాడు. సరిగ్గా అప్పుడే పైనుంచి విమానం పోతుంది. మాటల బుడగ మీదుగా విమానం రెక్క! పేరు కనపడదు. విమానం పోయేసరికి సాక్షి కూడా పోతాడు. దీన్ని చదివిన సిటీ మేధావి ఒకాయన "యంత్ర నాగరికతలో సత్యం గొంతు నొక్కబడుతున్న వైనం" అని ఫేస్‌బుక్‌లో రాశాడు. అయ్యా, అది వైనమూ కాదు, వంకాయా కాదు. మా దగ్గర రోజూ జరిగేదే! విమానం పోయేదాకా మాట ఆపడం ఇక్కడి మర్యాద. పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగాక విమానం వస్తే అందరూ నోళ్లు మూసుకుని ఇరవై సెకన్లు పైకి చూస్తారు. ఆ ఇరవై సెకన్లలో అబ్బాయికి రెండు ప్రమోషన్లు వస్తాయి.

దీన్ని సౌండ్ పొల్యూషన్ అని తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి. నలభై ఏళ్ల సంసారంలో మా ఆవిడతో వాదనలో నేను నెగ్గింది మొత్తం ఆరుసార్లు. ఆరుసార్లూ ఆఖరి మాట నాది, ఆ తర్వాత శబ్దం విమానానిది!

ఇక్కడ కాసేపు సమీక్ష ఆపి సత్తెమ్మ సంగతి చెప్పాలి. ఎందుకంటే మూడో సంచిక ఆమె పొలంలోంచే పుట్టింది.

సత్తెమ్మ భూమికి తూర్పున వీరేందర్ అనే ఆయన వెంచర్ వేశాడు. వెంచర్ పేరులో రన్‌వే ఉంది, వ్యూ ఉంది. అక్కడ నిలబడి చూస్తే కనపడేది మాత్రం సత్తెమ్మ తోటకూరే. ఆ వెంచర్ వచ్చిన నాటి నుంచి సత్తెమ్మ హద్దురాళ్లకు కాళ్లొచ్చాయి. కందుకూరులో పెళ్లికి పోయి రెండు రోజులకు తిరిగొస్తే రాళ్లు మూడడుగులు లోపలికి వచ్చాయి. కొత్తూరులో చుట్టాలింట్లో దినాలకు పోయొస్తే ఇంకో మూడడుగులు. బోనాలకు అక్కగారి ఊరు పోయొస్తే రెండు. మనుమరాలి చెవులు కుట్టించే ఫంక్షన్‌కు పోయొస్తే మళ్లీ మూడు. మొత్తం పదకొండడుగులు! ఎవరు జరిపారో ఎవరూ చూడలేదు. మనుషులైతే సాక్ష్యం దొరికేది, ఇవి తమంతట తామే నడుస్తున్న రాళ్లాయె.

బోరుకు పద్నాలుగడుగుల దూరంలో ఉండాల్సిన హద్దు ఇప్పుడు మూడడుగుల దూరంలోకి వచ్చింది. అంటే ఇంకొక్క ఫంక్షన్‌కు పోయొస్తే బోరు వీరేందర్ వెంచర్‌లోకి పోతుంది. బోరు పోతే కూర లేదు, కూర లేకపోతే సత్తెమ్మకు బతుకుదెరువు లేదు. అందుకని ఆమె పెళ్లిళ్లకు పోవడం మానేసింది. చుట్టాలకు కోపాలొచ్చాయి, "సత్తెమ్మకు గీర పెరిగింది" అన్నారు. ఎట్లా పోతుంది చెప్పండి? ఒక పూట విందుకు మూడడుగుల భూమి ఆవిరవుతుంటే!

ఈ అన్యాయాన్ని అక్షరంతో ఎదిరించే బాధ్యతను నేను స్వీకరించాను. పదకొండు నెలల్లో మండల రెవెన్యూ ఆఫీసుకు పదకొండు అర్జీలు రాశాను. వినయంగా చెప్తున్నాను, అవి నా రచనల్లో ఉత్తమమైనవి. రెండో అర్జీలో ఒక సీస పద్యం ఉంది. ఆరో అర్జీలో సత్తెమ్మ భూమిని నిండు సభలో ద్రౌపది చీరతో పోల్చాను. ఎనిమిదో అర్జీ రాస్తున్నప్పుడు నాకే ఏడుపొచ్చింది.

ఆఫీసులో ఎవరికీ రాలేదు. పోయిన ప్రతిసారీ ఒకటే పాట. సర్వేయర్ సారు లీవు. సారు వస్తే సర్వర్ డౌన్. సర్వర్ లేస్తే రేపు సెలవు. సత్తెమ్మ ఒకరోజు నన్ను జాలిగా చూసింది.

"సారు, మీరు గింత మంచిగ రాస్తున్నరు. వాళ్లు సదివి ఏడ్సుకుంట కూసుంటున్నరేమో. జర తక్కువ రాయుండ్రి," అంది.

పాఠకులారా, నా సాహిత్య జీవితంలో అందుకున్న ఏకైక నిజాయితీ గల విమర్శ అది.

పెద్దమ్మ బాధ చూడలేక మనీషా మూడో సంచిక గీసింది. ఈ సంచికకు అయిదుకు ఆరు నక్షత్రాలు. వరుసగా పన్నెండు గడులు, ఒక్క మాట లేదు. వానలో హద్దురాళ్లు మట్టిలోంచి లేచి, బురద దులుపుకుని, గొర్రెల మందలా లోపలికి నడిచొస్తాయి. అడ్డం పోయిన వాచ్‌మన్ పొద్దున రాళ్ల కింద శవమై తేలతాడు. బోరు, నీలం తలుపున్న మోటరు గది, రాయి మీద సర్వే నంబరు, అన్నీ సత్తెమ్మ పొలంలో ఉన్నవి ఉన్నట్టే! ఆ మోటరు గదిలోంచే బాలమల్లు బయటికొచ్చి గొలుసు విప్పుతాడు. ఆఖరి గడిలో బీడీ పడేసి ఒకే మాట అంటాడు: "పదకొండు అడుగులు."

విలన్ పేరు రన్‌వే రంగా, తిరిగేది ఒక డొక్కు జీపులో. ఈ రంగా ఎవరో నేను చెప్పను, మనీషా చెప్పలేదు. కానీ సంచిక వచ్చిన మూడో రోజు చాయ్ దుకాణం దగ్గర వీరేందర్ నన్ను పట్టుకున్నాడు.

"ఏంది సారు, నాకు గా డొక్కు జీపేంది? మనకూ జర ఇజ్జత్ ఉంటది గద! పెద్ద బండి గియ్యమనుండ్రి," అన్నాడు.

నేను ఎవరి పేరూ ఎత్తలేదని మరొక్కసారి మనవి.

ఇప్పుడు అసలు ఘట్టం. ఆ ఆఫీసుకు ఎదురుగా నరేందర్ జిరాక్స్ సెంటర్ ఉంది. మండలంలోని పట్టాలూ, పాసుబుక్కులూ, పెళ్లి శుభలేఖలూ, 'గుంటకో శవం' సంచికలూ అన్నీ ఒకే మిషన్‌లోంచి వస్తాయి. ఒకే టేబుల్ మీద పడతాయి. ఒకే స్టాప్లర్ కింద నలుగుతాయి. నా పదకొండో అర్జీ నాలుగు పేజీలు అక్కడే జిరాక్స్ తీయించాం. అప్పుడే కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. జనం మీద పడ్డారు. ఆ హడావుడిలో నరేందర్, సత్తెమ్మ పేరూ హద్దు లెక్కలూ ఉన్న నా అర్జీ మొదటి పేజీకి మూడో సంచిక పదహారు పేజీలూ కలిపి పిన్ను కొట్టాడు. సత్తెమ్మ దాన్ని పట్టుకెళ్లి కిటికీలో ఇచ్చింది. వాళ్లు "జతపరచినవి: 16" అని రాసుకుని ముద్ర కొట్టి లోపల వేసుకున్నారు.

మరి నా మిగతా మూడు పేజీలు? అవి ఒక కామిక్ కాపీ మధ్యలో పడ్డాయి. దాన్ని కొనుక్కున్న పాఠకుడెవరో "కథ బాగుంది, మధ్యల ఒక ముసలాయన ఉపన్యాసం ఎందుకు పెట్టిన్రో తెల్వది" అని నరేందర్‌తో అన్నాడట. ఆయన అభిరుచి గురించి నేనేమీ వ్యాఖ్యానించదలచుకోలేదు.

కానీ లోపల జరిగిన అద్భుతం చూడండి! పదకొండు నెలలు నా గద్యాన్ని ముట్టుకోని ఆఫీసు ఆ పదహారు పేజీలనూ ఆసాంతం చదివింది. అటెండర్ చదివాడు. గుమస్తా చదివాడు. లంచ్ బాక్సు మూత తీయకుండా పై సారు చదివాడు. "బొమ్మలున్నయి గదా అని పట్టుకున్న, ఇడువబుద్ధి కాలేదు," అని అటెండర్ తర్వాత నాతో ఒప్పుకున్నాడు. చదివి వాళ్లు గ్రహించిన ఘోరం ఏమిటి? హద్దురాళ్లు జరిగాయనా? వాచ్‌మన్ చచ్చాడనా? కాదు! సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి పని చేశాడు! సస్పెన్షన్‌లో లేనివాళ్లే చేయని పని ఇతగాడు చేశాడు! ఇట్లా ఊరుకుంటే రేపు డ్యూటీలో ఉన్నవాళ్లకు కూడా అంటుకోదూ?

తొమ్మిదంటే తొమ్మిది రోజుల్లో చైన్‌మన్ బాలమల్లుకు షోకాజ్ నోటీసు తయారైంది.

అట్లాంటి ఉద్యోగి అసలు లేడు కదా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. ఆ గుమస్తాను అడిగితే నా అమాయకత్వానికి నవ్వాడు. "రికార్డుల పేరు లేదంటే మనిషి లేడని కాదు సారు. రికార్డు దొరుకుతలేదని," అన్నాడు. ఇంత లోతైన తత్వం నేను ఉపనిషత్తుల్లో కూడా చదవలేదు.

నోటీసు ఎవరికివ్వాలి? బాలమల్లు ఉండేది నీలం తలుపున్న మోటరు గదిలో అని కామిక్‌లో ఉంది. మనిషి లేకపోతే తలుపుకు అంటించడం పద్ధతి. అటెండర్ పోయి, తలుపు కొట్టి, "బాలమల్లన్నా!" అని రెండుసార్లు పిలిచి, పలకకపోతే మైదా పిండితో నోటీసు అంటించి వచ్చాడు. సత్తెమ్మ అప్పుడు కొత్తిమీర కోస్తోందట. ఎవరికోసమని అడిగితే, "నీ ఇంట్ల కిరాయికున్న ఆఫీసరు కోసం" అన్నాడట.

ఆ మర్నాడు మా ఇంటి ముందు ఆటో ఆగింది. పాలకూర దిగింది. తోటకూర దిగింది. తర్వాత ఒక నీలం తలుపు దిగింది!

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"కాయితం పీకితే చినుగుతది సారు. గందుకే తలుపే ఊడవీక్కొచ్చిన. జర సదువుండ్రి, ఏం రాసిన్రో," అంది సత్తెమ్మ.

వరండాలో తలుపును గోడకానించి చదివాను. "సస్పెన్షనులోనున్న చైన్‌మన్ శ్రీ బాలమల్లుకు తెలియజేయునది ఏమనగా, శ్రీమతి సత్తెమ్మ గారి పట్టా భూమియందు బోరునకు తూర్పున పద్నాలుగు అడుగుల దూరమున ఉండవలసిన హద్దురాళ్లు పదకొండు అడుగులు లోపలికి జరుపబడినవని మీరు పై అధికారుల అనుమతి లేకుండా కొలిచి నిర్ధారించినారు. ఏడు దినములలో హాజరై సంజాయిషీ ఇచ్చుకొననిచో తగు చర్య తీసుకొనబడును." కింద సంతకం. దాని మీద గుండ్రటి ముద్ర.

రెండోసారి చదివేటప్పటికి విషయం బుర్రకెక్కింది. సత్తెమ్మ భూమి సత్తెమ్మదేననీ, హద్దు ఫలానా చోట ఉండాలనీ సర్కారు కాగితం మీద సర్కారు సంతకంతో మొదటిసారి రాసి ఉంది! పదకొండు నెలలుగా మేం అడుగుతున్నది ఇదే. మాకు ఇవ్వలేదు, బాలమల్లును తిట్టడానికి ఇచ్చారు. సత్తెమ్మకు చదివి వినిపిస్తే ఆమె తలుపును పట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. కొంత సంతోషం, నిజం చెప్పాలంటే కొంత అసూయ.

ఏడో రోజు విచారణకు మేం ముగ్గురం వెళ్లాం. నేను, సత్తెమ్మ, తలుపు.

"బాలమల్లు ఏడి?" అన్నాడు పై సారు.

సత్తెమ్మ కూర సంచిలోంచి మూడో సంచిక తీసి బల్ల మీద పెట్టింది. "గీయనే సారు. పొద్దుగాల్నుంచి నిలవడే ఉన్నడు, జర కుర్సీ ఎయ్యుండ్రి," అంది.

పై సారు కామిక్‌ను చూశాడు. తలుపును చూశాడు. తలుపు మీద తన సంతకం చూశాడు. ఏదో అనబోయాడు. అప్పుడే విమానం వచ్చింది. మా మర్యాద ప్రకారం అందరం ఇరవై సెకన్లు పైకి చూశాం. ఆ ఇరవై సెకన్లలో ఆయన ముఖం మీద కోపం, నవ్వు, భయం, రిటైర్మెంటు వరుసగా వచ్చి పోయాయి.

చించి పారేద్దామంటే నోటీసుకు నంబరు పడింది. కంప్యూటర్‌లో ఎక్కింది. అర్జీని మూసేయడానికి నలభై పద్ధతులున్నాయట గానీ, షోకాజ్ నోటీసును విచారణ చేయకుండా మూసే పద్ధతి ఒక్కటీ లేదట. విచారణ చేయాలంటే బాలమల్లు కొలిచింది తప్పో ఒప్పో తేలాలి. అది తేలాలంటే ఎవరైనా పోయి కొలవాలి. ఆహా, ఏం చిక్కు! అయిదు రోజుల్లో లీవులో ఉన్న సర్వేయర్ సారు వచ్చాడు. సర్వర్ లేచింది. జీపు కదిలింది. సత్తెమ్మ పొలంలో నిజం గొలుసు పరుచుకుంది.

పదకొండు అడుగులు! అంగుళం ఎక్కువ లేదు, అంగుళం తక్కువ లేదు. సత్తెమ్మ మడమకు కాలివేలు ఆనించి అడుగులో అడుగు వేసి కొలిచి చెల్లెలి కూతురికి చెప్పిన కొలత అది. ఇంత గొప్ప రియలిజం ఉన్న కామిక్‌ను నేనింతవరకు చూడలేదు.

రిపోర్టు కాపీ నా దగ్గరుంది. "చైన్‌మన్ బాలమల్లు కొలత సరైనదేనని తేలినది. అయినను అనుమతి లేకుండా సరిగా కొలిచినందుకు ఆయనను తీవ్రముగా మందలించడమైనది." సాయంత్రానికి రాళ్లు వెనక్కి నడిచాయి. ఈసారి వాటిని మోసింది వీరేందర్ పంపిన మనుషులే. "అరె, ఎవలు జరిపిన్రో ఏమో, నాకైతే తెల్వది సారు. జర గా పెద్ద బండి సంగతి యాది పెట్టుకోండ్రి," అన్నాడాయన. ఎంత మంచివాడు! సత్తెమ్మ తలుపు మళ్లీ బిగించుకుని, ఆ వారమే కొత్తూరులో ఒక పెళ్లికి పోయి, మూడు రోజులుండి వచ్చింది. రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. మాకు పెళ్లివారిచ్చిన లడ్డూ కూడా తెచ్చింది.

నాలుగో సంచిక మొత్తం బాలమల్లు సంజాయిషీ. వానలో నిలబడి ఒకే వాక్యం చెప్తాడు: "కొలిచాను, తప్పే, మళ్లీ కొలుస్తాను." ఆఫీసు వాళ్లు దాన్ని కూడా ఫైల్లో పెట్టుకున్నారు, కింద ఆయన సంతకం ఉంది కాబట్టి. సాహిత్యపరంగా పెద్దగా ఏమీ లేదు. రెండున్నర నక్షత్రాలు.

ఈ మొత్తం అనుభవం నుంచి నేను ఒక సిద్ధాంతం తయారుచేశాను. మన దగ్గర పని కావాలంటే మనిషి బతికుండటం పెద్ద ఆటంకం. బతికున్న సత్తెమ్మ పదకొండు నెలలు ఆ కిటికీ ముందు నిలబడితే ఎవరికీ కనపడలేదు. అసలు పుట్టనే పుట్టని బాలమల్లు తొమ్మిది రోజుల్లో కనపడ్డాడు, ఇంటికి మనిషి వచ్చాడు, పేరు ముందు శ్రీ పడింది. పౌరులారా, అర్జీలు మానండి. బొమ్మలు నేర్చుకోండి! చేతకాకపోతే మీ ఊరి మీదుగా పోయే షిఫ్టు బస్సులో బొమ్మలు గీసే పిల్ల ఎవరైనా ఉందేమో వెతకండి.

మొన్న అయిదో సంచిక వచ్చింది. అందులో బాలమల్లు ఛాతీలో గునపం దిగబడి బురదలో పడిపోతాడు. "తర్వాతి సంచికతో సమాప్తం" అని కింద రాసి ఉంది. ఇదేమిటని అడిగితే మనీషా భుజాలెగరేసింది. "క్రైం కామిక్ల హీరో సస్తేనే ఇజ్జత్ సార్. షిఫ్టు గూడ మారింది. ఇగ వేరే కథ షురూ చేస్త," అంది. కళాకారిణిగా ఆమె నిర్ణయం నూటికి నూరుపాళ్లు సరైనదని విమర్శకుడిగా నేను ఒప్పుకుంటున్నాను.

నిన్న సత్తెమ్మ వచ్చింది. కూర తేలేదు. వెనక ఇంకో ఇద్దరున్నారు. బుచ్చయ్య పొలానికి పోయే బాటకు ఎవరో కంచె వేసి ఏడాదయింది. కుర్మయ్య కథ ఇంకా విచిత్రం, రికార్డుల్లో ఆయన చనిపోయి నాలుగేళ్లయింది. ఆ సంగతి సరిచేయమని నాలుగేళ్లుగా తన కాళ్ల మీద తనే నడిచి ఆఫీసుకు పోతున్నాడు. ముగ్గురూ వరండాలో వరుసగా కూర్చున్నారు.

"సారు, ఒక అర్జీ రాయుండ్రి," అంది సత్తెమ్మ.

"ఎవరికి?"

"మా మనీషాకు."

"నీ చెల్లెలి కూతురే కదా, నోటితో చెప్పరాదూ?"

"నోటితోటి చెప్తే ఎవలు ఇంటరు సారు?" అంది.

కలం తీశాను. ఎప్పటిలాగే ఒక మంచి పద్యంతో మొదలుపెట్టబోతుంటే సత్తెమ్మ నా చెయ్యి ఆపింది. తను చెప్పింది చెప్పినట్టు రాయమంది. రాశాను. ముగ్గురూ కింద వేలిముద్రలు వేశారు. నా జీవితంలో ఒక్క అలంకారం కూడా లేకుండా నేను రాసిన అర్జీ అదొక్కటే:

"బిడ్డా మనీషా, బాలమల్లు సారును సంపకు. మేం పిలిస్తే వచ్చిన ఆఫీసరు ఆయనొక్కడే."